తప్పు కనబడే చోటు

హైదరాబాదు–విజయవాడ రహదారి మీద నకిరేకల్లుకు ముందు వచ్చే ఊరు కట్టంగూర్. అక్కడ తెలుగు మాధ్యమంలో చదివి ఇంజనీరింగులో చేరిన నా పూర్వ విద్యార్థి ఒకడు, సెలవులలో పాత కంప్యూటరులో లినక్స్ వేసుకొని, ‘సి’ భాషలో సగటు కట్టే చిన్న ప్రోగ్రాము రాశాడు. అది నడవలేదు. “ఈ చదువు నాకు అబ్బదు సార్, మానేస్తాను” అన్నాడు. ఆ మాటే నన్ను అతని ఇంటికి నడిపించింది.

మనం రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే సాధనం కంపైలర్. లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్‌ను వెలువరించాడు. అందులో విరివిగా వాడే జి.సి.సి. కంపైలర్ అంతకు ముందే, 1987లో, రిచర్డ్ స్టాల్‌మన్ విడుదల చేసినది.

కంపైలర్ ఇచ్చిన ‘లెక్క’ అనే ఫైలు కళ్ల ముందే ఉంది. పేరు టైపు చేస్తే మాత్రం అటువంటి ఆజ్ఞ లేదని జవాబు. లినక్స్ ఆజ్ఞలను ముందుగా నిర్ణయించిన కొన్ని ఫోల్డర్లలోనే వెదకుతుంది. మనమున్న ఫోల్డరు సాధారణంగా వాటిలో ఉండదు. తెలిసిన ఆజ్ఞ పేరుతో ఎవరైనా అక్కడ మోసపు ప్రోగ్రాము పెట్టవచ్చుననే జాగ్రత్త అది. పేరుకు ముందు ఒక చుక్క, ఒక ఏటవాలు గీత చేర్చితే ‘ఇక్కడిదే’ అని అర్థం.

అలా నడిపితే, అంకె ఇవ్వగానే ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ అని ఆగిపోయింది. ప్రోగ్రాము తనది కాని జ్ఞాపకస్థలాన్ని తాకబోతే లినక్స్ దానిని నిలిపివేస్తుంది. అప్పుడు ‘-జి’ అనే సూచనతో మళ్లీ కంపైల్ చేసి, జి.డి.బి. అనే దోషాన్వేషణ సాధనంలో నడిపించాడు. ‘బి.టి.’ అని అడిగితే ఏ పని ఏ పనిని పిలిచిందో వరుసగా చూపింది. పై వరుసలలో అతడు రాయని పేర్లు! కుర్రవాడు బెదిరిపోయాడు. తాళపత్ర పరిష్కరణలో కొంత కాలం గడిపిన నాకు అది కొత్త కాదు: గణభంగం కనబడే చోటు ఒకటి, లేఖకుడు తప్పిన చోటు మరొకటి. కిందికి చదవమన్నాను. అడుగున అతని ప్రోగ్రాములోని తొమ్మిదవ పంక్తి ఉంది. అంకెను తీసుకొనే ‘స్కాన్‌ఎఫ్’కు చిరునామా ఇవ్వాలి; అతడు ‘&’ గుర్తు మరచి విలువను ఇచ్చాడు. ‘-వాల్’ అనే సూచన చేర్చి ఉంటే కంపైలరే ముందుగా హెచ్చరించేది.

మరునాడు 7, 8 అంకెల సగటు 7 అని వచ్చింది. ఈసారి హెచ్చరికా లేదు, ఆగిపోవడమూ లేదు. పూర్ణాంకాల భాగహారంలో ‘సి’ భాష భిన్నభాగాన్ని వదలివేస్తుంది. ఆ సంగతి నేను చెప్పలేదు. జి.డి.బి.లో పంక్తి పంక్తికీ ఆపి, విలువలు చూసుకొని, సాయంత్రానికి తనే నాకు ఫోనులో చెప్పాడు.