పదహారేళ్ళ కుర్రాడూ, తాతగారి పౌరసత్వమూ

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే వేరే ఆట. మనం ఆడేదాన్ని వాళ్ళు సాకర్ అంటారు. బాగా ఆడే కుర్రాడు కాలేజీ జట్టులో ఆడి, పట్టా పుచ్చుకుని, ఆ తర్వాతే వృత్తిలో దిగడం అక్కడి పాత పద్ధతి. కాలేజీ పోటీలేమో కొద్ది నెలల్లో ముగిసిపోతాయి. అదే ఈడు జర్మనీ కుర్రాడు దాదాపు ఏడాది పొడుగునా క్లబ్బులో నలుగుతూ ఉంటాడు. తేడా అక్కడే వస్తుంది!

మరి యూరప్ వెళ్ళిపోతే సరి కదా అంటారా? పద్దెనిమిది నిండనివాళ్ళని దేశం దాటించి చేర్చుకోకూడదని ఫిఫా నిబంధన. పిల్లలతో బేరాలాడే దళారులకు కళ్ళెం వెయ్యాల్సిందే, నేను కాదనను. కాని యూరప్ సమాఖ్య పౌరులు ఆ దేశాల మధ్య పదహారుకే మారవచ్చు. పెన్సిల్వేనియాలోని హెర్షీలో పుట్టిన క్రిస్టియన్ పులిసిక్ తాతగారిది క్రొయేషియా. ఆ విధంగా వచ్చిన పౌరసత్వంతో అతను 2015లో డోర్ట్‌మండ్ చేరి, 2016 జనవరిలో 17 ఏళ్ళకే బుండెస్‌లిగాలో ఆడాడు. 2019లో చెల్సీ అతనికోసం 6.4 కోట్ల యూరోలు పోసింది. టెక్సాస్ కుర్రాడు వెస్టన్ మెకెన్నీ షాల్కే చేరింది 2016లో, 18 నిండాకే. అదీ వర్జీనియా విశ్వవిద్యాలయం పిలుపు వదులుకుని.

చదువు పాడుచేసుకున్నాడని మా హాస్టల్లో ఒకాయన తెగ బాధపడ్డాడు. పట్టా ముప్ఫయ్యేళ్ళకైనా వస్తుంది, కాళ్ళలో ఆ చురుకు రాదు కదా అన్నాను నేను. అయితే వెళ్ళినవాళ్ళంతా పులిసిక్‌లు కాలేదు. బెంచీ మీదే కూర్చుని, భాష రాక, ఇంటిమీద బెంగతో వెనక్కి వచ్చేసినవాళ్ళూ ఉన్నారు.