రైతుకు రిటైర్మెంటు ఎప్పుడు?

ఉద్యోగికి ఒక తారీఖు ఉంటుంది. ఆ రోజు దండ వేస్తారు, శాలువా కప్పుతారు, ఇంటిదాకా వచ్చి దిగబెడతారు. మన రాష్ట్రంలో ఆ వయసును 1983లో 55కు తగ్గించారు. ఆనక మళ్లీ 58 చేశారు. 2014లో 60, 2022లో 62 అయింది. ఎన్నిసార్లు మారినా ఉద్యోగికి ఆ రోజు ముందే తెలుసు. మరి రైతుకో? అరవై దాటినా, డెబ్బై దాటినా తెల్లారితే గట్టు మీదే. ఒంట్లో సత్తువ పోయిన రోజే ఆయన రిటైర్మెంటు. దండా లేదు, గ్రాట్యుటీ లేదు.

కృష్ణా డెల్టా ఊళ్లలో పంటల సంగతులు రాసుకుందామని వెళితే ఈ మధ్య పెద్దవాళ్లు ఈ గోడే ఎక్కువగా వెళ్లబోసుకుంటున్నారు. పొలం ఎలాగూ పిల్లలదే. ఎప్పుడివ్వాలి, ఎలా ఇవ్వాలి, ఇచ్చాక తాము ఎలా బతకాలి అన్నదే వాళ్ల దిగులు.

పెత్తనం దిగే వేళ

రైతు ఒక్కసారిగా పెత్తనం దిగడు. ముందు బురదలో కాలు నిలవదు. తర్వాత మందు కొట్టే పంపు భుజానికి ఎత్తుకోలేడు. బ్యాంకుకు, సొసైటీకి కొడుకు వెళ్లడం మొదలవుతుంది. ఒక సీజన్లో ఏ రకం వరి వేయాలో కొడుకే తేల్చేస్తాడు. నారు పోశాక గానీ తండ్రికి తెలియదు. ఆ పూట పెద్దాయనకు ముద్ద దిగదు.

కొడుకు తప్పు చేశాడని కాదు. కొత్త రకాలు, కొత్త మందులు, ఫోన్లో ధరలు అతనికే బాగా తెలుసు. కానీ నలభై ఏళ్లు ఆ చెక్కను సాగు చేసిన మనిషిని ఒక్కమాట అడిగితే పోయేదేముంది? అడిగి, తన ఇష్టప్రకారమే చేసినా సరే. అడిగారన్న తృప్తి చాలంటారు చాలామంది పెద్దలు.

చేతిలో పని ఉండాలి

'మీరు కూర్చోండి నాన్నా' అనడం ప్రేమే. అయితే పని లేని రైతు మంచాన పడ్డట్టే. ఆయన చేయగల పనులు చాలా ఉన్నాయి. డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు చేలో మినుము చల్లుతాం. పదును ఎక్కువైతే విత్తనం కుళ్లుతుంది, తక్కువైతే మొలవదు. మడిలో కాలు మోపి పదును చెప్పగలిగేది పెద్దాయనే. విత్తనం ఏరిపెట్టడం, నారుమడి చూసి రావడం, పశువుకు మేత సరిగ్గా పడిందో లేదో గమనించడం, కూలీల లెక్క రాయడం కూడా ఆయన చేతిలో పెట్టొచ్చు.

చేయకూడనివీ ఉన్నాయి. పురుగుమందు కొట్టడం, రాత్రిపూట మోటారు వేయడానికి ఒంటరిగా చేలో దిగడం పెద్దవాళ్లకు వద్దు. చూపు ఆనని చీకట్లో పాము, కరెంటు తీగ రెండూ ప్రమాదమే.

అమ్మకు సెలవే లేదు

ఆయన గట్టు దిగినా ఆమె పొయ్యి దగ్గర నుంచి లేవదు. పేడకళ్లు తీయడం, పాలు పితకడం, మనవళ్లకు బడికి అన్నం కట్టడం డెబ్బై ఏళ్లప్పుడూ ఆవిడ పనే. పాసుపుస్తకం మాత్రం ఆయన పేరున ఉంటుంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, భర్త వీలునామా రాయకుండా పోతే ఆయన ఆస్తిలో పిల్లలతోపాటు ఆమెకూ సమాన వాటా వస్తుంది. కానీ బతికుండగానే అంతా కొడుకుల పేర రాసేస్తే ఆ వాటా ఎక్కడిది? పంచే ముందు ఆమె పేర ఎంత ఉంచుతున్నారో ఆలోచించాలి.

వంతుల కూడు

నాలుగెకరాలూ ఇద్దరు కొడుకులకు రాసిచ్చిన పెద్దాయన ఒకరు తారసపడ్డారు. ఆయన ఒక కొడుకు దగ్గర, భార్య ఇంకో కొడుకు దగ్గర. నెల తిరగగానే ఇళ్లు మారతారు. 31 రోజుల నెల వస్తే ఆ చివరి రోజు ఎవరి వంతన్నది తగవు. యాభై ఏళ్లు కలిసి కాపురం చేసిన ఇద్దరు ఒక్క పంక్తిలో అన్నం తినే యోగం పోగొట్టుకున్నారు. ఆయన రాసిచ్చిన దస్తావేజులో తమను పోషించాలన్న మాట ఒక్కటీ లేదు.

దస్తావేజులో ఏం రాయాలి?

తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పోషించని పిల్లల మీద ఆర్డీవో దగ్గరి ట్రైబ్యునల్లో అర్జీ పెట్టుకోవచ్చు. నెలకు రూ.10 వేల వరకు ఇప్పించే వీలుంది. ఈ చట్టం 23వ సెక్షన్ రైతులకు చాలా ముఖ్యం. చట్టం అమల్లోకి వచ్చాక, అరవై దాటిన వారు తమను చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసిస్తే, తీసుకున్నవారు చూడకపోతే ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు. షరతు లేకుండా రాసిస్తే ఈ సెక్షన్ ఆదుకోదని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. షరతు ఉండి, దాన్ని తప్పినప్పుడు ఆస్తిని తిరిగి స్వాధీనం చేసే ఆదేశం కూడా ట్రైబ్యునల్ ఇవ్వొచ్చని 2025 జనవరిలో తీర్పు ఇచ్చింది.

కాబట్టి దానపట్టా రాసేటప్పుడు తిండి, గుడ్డ, వైద్యం చూడాలన్న షరతును స్పష్టంగా రాయించండి. లేదంటే మీ ఇద్దరి జీవితకాలం అనుభవ హక్కు మీకే ఉండేలా రాయించండి. వీలునామా అయితే మీ తదనంతరమే అమలవుతుంది, బతికున్నంతకాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. ఇద్దరు సాక్షులు తప్పనిసరి. ఏది రాసినా ముందు తెలిసిన వకీలుకు చూపించండి.

చేతి ఖర్చుకు

వృద్ధాప్య పింఛను మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి నెలకు రూ.4 వేలు అయింది. దీనికి భూమి పరిమితి ఉంది కనుక అర్హత సచివాలయంలో కనుక్కోవాలి. రెండు హెక్టార్ల లోపు భూమి ఉన్న 18 నుంచి 40 ఏళ్ల రైతుల కోసం 2019లో కిసాన్ మాన్‌ధన్ పథకం పెట్టారు. చేరిన వయసును బట్టి నెలకు రూ.55 నుంచి రూ.200 కడితే కేంద్రం అంతే కలుపుతుంది. అరవై నిండాక నెలకు రూ.3 వేల పింఛను. తండ్రి అవస్థ కళ్లారా చూస్తున్న కొడుకు తన ముసలితనం గురించి ఇప్పుడే లెక్క వేసుకోవడం మంచిది.

చట్టం, పింఛను కష్టంలో ఆదుకుంటాయి. కానీ ఆర్డీవో ఆఫీసు మెట్లెక్కి తెచ్చుకున్న అన్నం ఏ తండ్రికీ రుచించదు. పంట ఇంటికొచ్చి చేతికి కాస్త తీరిక చిక్కినప్పుడు కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు అందరూ ఒకచోట కూర్చోండి. ముందు అమ్మానాన్నల వాటా పక్కన పెట్టండి. వాళ్లు ఒకే ఇంట్లో, ఒకే కంచం దగ్గర ఉండేలా మాట అనుకోండి. ఆ తర్వాతే కొలతకు గొలుసు తెప్పించి గట్లు వేసుకోండి.