నెల్లూరి పేరు మోయు మందలు, నేలపట్టు పక్షులు

మన ఒంగోలు పశువునకు బ్రెజిలు దేశమున ‘నెలోరి’ యని పేరు. 1904లో గుంటూరు జిల్లా యేర్పడువఱకు ఒంగోలు సీమ నెల్లూరు జిల్లాలోనిదే కావున ఆ పేరునకు వంక పెట్టనక్కఱలేదు. పంతొమ్మిదవ శతాబ్దమున ఓడలెక్కి సముద్రములు దాటిన ఆ జాతి, 1960వ దశాబ్దమున మన కరవదినుండి పోయిన ‘కర్వాడి’ యను ఆంబోతుచే మఱింత వన్నెకెక్కి, నేడచ్చటి మాంసపు మందలలో సింహభాగమై నిలిచినది. మనయింట మాత్రము ట్రాక్టరు వచ్చినది, కొట్టము ఖాళీయైనది.

ఆ మందలు మేయు తావులలో పంటనాల్ ఒకటి. ఉష్ణదేశములలో నంతటి చిత్తడినేల వేఱొకటి లేదు. అందు నూటికి తొంబది పాళ్లకు పైగా పశుపాలకుల సొంత ఆస్తియే. దూడల నెత్తుకొనిపోవు జాగ్వార్ అను మచ్చలపులిని ఆ భూస్వాములు తరతరములుగా తుపాకితోనే పలుకరించిరి. 1967లో వేట నిషిద్ధమైనను, కంచెలోపల జరుగు హత్యను చట్టమెంతవఱకు చూడగలదు? 2011లో కైమాన్ అను క్షేత్రమున ‘ఓంసఫారి’ సంస్థ వెలసి, జీపు చప్పుడునకు బెదరకుండునట్లు ఆ పులులను మచ్చికపఱచి, యాత్రికులకు చూప మొదలిడిన పిదప, పులివలన నష్టముతోపాటు రాబడియు గలదని మందల యజమానులకు తెలియవచ్చినది.

అడవిప్రాణివలన రాబడి గలదను ఈ మర్మము మన తీరపు రైతునకు ఏ సంస్థయు నేర్పలేదు. దొరవారిసత్రము చెంతనున్న నేలపట్టు చెరువును ప్రభుత్వము 1976లో పక్షిరక్షిత కేంద్రముగా ప్రకటించినది. అక్టోబరు మొదలు మార్చి వఱకు, నడుము లోతు నీటిలో నిలిచిన కడపచెట్లపై గూడబాతులు గూళ్లు కట్టి, పులికాటు సరస్సున సంచివంటి ముక్కులతో పట్టి మ్రింగిన చేపలను గూటికి తెచ్చి, కక్కి పిల్లలకు పెట్టును. వాటి రెట్ట చెరువులో కలసి, తూములగుండ వరిమడులకు పాఱి, ఎరువై పైరును నిలబెట్టును. పక్షి కూసిననాడే పంటకు బలమని యెఱిగిన యూరివారు, గూటిపై ఱాయి విసరు పిల్లవానిని తామే మందలింతురు. (సూళ్లూరుపేటలో 2001నుండి జరుగు పక్షుల పండుగ మాత్రము ఫ్లెమింగో పేర వెలసినది, గూడబాతున కా భాగ్యము పట్టలేదు!)

పంటనాలున వేల హెక్టారుల యజమాని యొక్కడు మనసు మార్చుకొనిన చాలును. నేలపట్టున ఎకరము, అరయెకరము గల రైతులందఱు ఒక్కమాటపై నిలువవలెను. కావున నా దృష్టిలో మనవారి పనియే ఘనతరము, మనవారిదే సుకుమారమును. ఏలయన ఆ మైత్రి వరిపైననే ఆధారపడియున్నది. వరిమడి రొయ్యలగుంటయైన నాడు ఆ రైతునకు రెట్ట కలసిన తియ్యనీటితో నిమిత్తముండదు. నెల్లూరు తీరమున అట్లు మాఱిన మడు లిప్పటికే కోకొల్లలు.

ఈ శీతకాలమున నేలపట్టు పోవు పాఠకులు, దుర్భిణితో గూళ్లను చూచిన పిమ్మట, కట్ట దిగి, తూము క్రింది పైరును గూడ ఒకమాఱు చూచి రండు.