లీవు ముగిసిన వారం

పల్నాడులోని నడికుడి జంక్షన్‌లో సికింద్రాబాద్ వైపు రైలు ఆగే వేళ ప్లాట్‌ఫారం మీద కాసేపు నిలబడితే, లీవు అయిపోయి తిరిగి వెళ్తున్న జవానును ఇట్టే పోల్చుకోవచ్చు. పొట్టిగా కత్తిరించిన జుట్టు, వీపున పెద్ద బ్యాగు, చేతిలో పచ్చడి డబ్బా. అందులో పండుమిరపకాయ పచ్చడో గోంగూరో ఉంటుంది. నూనె కారకుండా మూత మీద ప్లాస్టిక్ కవరు కప్పి, దానికి రెండు వరసల రబ్బరు బ్యాండ్లు బిగించి ఉంటాయి. దాచేపల్లి చుట్టుపక్కల పిల్లలకు సేద్యం, నాపరాళ్ల క్వారీ, సిమెంటు ఫ్యాక్టరీ కాకుండా కనిపించే దారుల్లో మిలటరీ ఒకటి. రైలెక్కించే అమ్మానాన్నల భయమంతా సరిహద్దు గురించే, మందుపాతర గురించే. ఇంకో ప్రమాదం ఈ ప్రయాణంలోనే అతని వెంట వెళ్తుండొచ్చని వాళ్లకెవరూ చెప్పరు.

కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో ఐదేళ్లలో 730 మంది ఆత్మహత్య చేసుకున్నారని 2024 చివర్లో కేంద్ర హోం శాఖ లెక్క చెప్పింది. కారణాలు వెతకడానికి వేసిన టాస్క్‌ఫోర్స్ గమనించిన సంగతి అంతకన్నా ముఖ్యమైనది. వాటిలో 80 శాతానికి పైగా మరణాలు జవాను లీవు నుంచి తిరిగి డ్యూటీలో చేరాక జరిగినవే. ఇక సైన్యం సంగతి. 2022 జులైలో పార్లమెంటుకు ఇచ్చిన సమాధానం ప్రకారం అంతకుముందు ఐదేళ్లలో త్రివిధ దళాల్లో ఇలా పోయినవారు 819 మంది. అందులో ఆర్మీ వాళ్లు 642, వైమానిక దళం 148, నౌకాదళం 29.

ఇంటికొచ్చి నలుగురినీ చూసి వెళ్లినవాడికి మనసు తేలిక పడాలి కదా అనిపిస్తుంది. చాలామందికి పడుతుంది కూడా. కొందరికి మాత్రం, ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా విన్న కష్టం లీవులోనే మొత్తంగా కళ్లబడుతుంది. గట్టు జరిపిన పక్క పొలం వాడు, మిర్చి ధర పడిపోయి వడ్డీ మీద వడ్డీ పెరిగిన అప్పు, అత్తాకోడళ్ల మధ్య మాటల్లేని ఇల్లు, పుట్టింటికెళ్లి రాని భార్య. వచ్చిన రోజుల్లో సగం తహసీల్దారు ఆఫీసు చుట్టూ, బ్యాంకు చుట్టూ తిరగడానికే సరిపోతాయి. ఏదీ తేలకముందే తేదీ దగ్గర పడుతుంది. పల్నాడుకు అప్పుల చావులు తెలియనివి కావు. 1987-88లో పత్తికి తెల్లదోమ తగిలినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు ఎలా కూలిపోయారో పెద్దవాళ్లకు ఇంకా గుర్తు. ఆ చేల మీద బతికిన ఇళ్ల పిల్లలే ఇవాళ బస్తర్లోనో కాశ్మీర్లోనో కాపలా కాస్తున్నారు. చేలో దిగుబడి తగ్గితే ఆ దిగులు రాత్రి ఎనిమిదింటి ఫోన్‌లో క్యాంపుకు చేరుతుంది. అక్కణ్నుంచి అతను చేయగలిగిందేమీ ఉండదు. ఇంటి కష్టానికి ఈ చేతకానితనం తోడవడమే మనిషిని కుంగదీస్తుంది.

లీవు ముగించుకుని వెళ్లిన ఆ వారంలో అతన్ని దగ్గర నుంచి చూసేది డాక్టరు కాదు, కమాండెంటూ కాదు. బారక్‌లో పక్క మంచం వాడు.

సైన్యంలో ‘బడ్డీ’ ఏర్పాటు పాతదే. ఇద్దరిని జోడీ కడతారు. ఒకడు ముందుకు కదిలితే రెండోవాడు కాపు కాస్తాడు. యుద్ధం కోసం పుట్టిన ఈ జోడీ మనసుకు కూడా పనికొస్తుందని చాలా దేశాల సైన్యాలు గుర్తించాయి. క్యాంపు భోజనశాల లంగర్‌లో పళ్లెం సగంలో వదిలేసి లేచాడని, వాలీబాల్‌కు రావడం మానేశాడని, ఫోన్ పెట్టేశాక గోడవైపు తిరిగి పడుకుంటున్నాడని, ఇష్టంగా దాచుకున్న వస్తువులు ఉన్నట్టుండి పంచిపెడుతున్నాడని బడ్డీకే తెలుస్తుంది. తెలిసినా అడగడమెలాగో తెలియదు. ఇద్దరూ తెలుగువాళ్లయితే మాట ఇలా మొదలవుతుంది.

“ఏంది బావా, లీవు నుంచి వచ్చినకాణ్నుంచి సరిగా తినట్లేదు. ఇంటికాడ అంతా బానే ఉందా?”

“ఏం లేదులే.”

చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ఆగకూడని చోటు ఇదే. “ఏం లేదంటే నేను నమ్మను బావా. చచ్చిపోవాలని గానీ అనిపిస్తందా?” అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడతాం. అది నిజం కాదని పరిశోధనలు చెబుతున్నాయి. అడిగినవాడి ముందు బరువు దించుకునే అవకాశం దొరుకుతుంది, అంతే. అవునంటే అతన్ని ఒంటరిగా వదలకూడదు. సలహాలు దంచకుండా వినాలి. ఆయుధం అతని చేతికి అందకుండా చూసి, తోడుండి యూనిట్ డాక్టరు దగ్గరికో సుబేదార్ సాబ్ దగ్గరికో తీసుకెళ్లాలి. ఎవరికీ చెప్పనని మాత్రం ఒట్టేయకూడదు.

ఇంతవరకూ బడ్డీ పని. అతను తెచ్చిన కబురు విన్న అధికారి ఏం చేస్తాడన్న దాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంది. ఈ కథనంలో గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

సైనికుడి ఆరోగ్యాన్ని ఐదు అక్షరాల ‘షేప్’ లెక్కలో కొలుస్తారు. మొదటి అక్షరం మనసుది. అందులో కేటగిరీ తగ్గితే ప్రమోషన్, మంచి పోస్టింగ్ చేజారుతాయన్న భయం ప్రతి జవానుకూ ఉంటుంది. పైగా బారక్‌లో ‘తిక్కోడు’ అన్న పేరు పడితే చెరగదు. అందుకే బడ్డీ కూడా నోరు విప్పడానికి జంకుతాడు. మొదటిసారి ఒక జవాను వచ్చి “నిద్ర పట్టట్లేదు సార్” అన్నప్పుడు కంపెనీ కమాండర్ “డ్యూటీ ఎగ్గొట్టడానికి నాటకాలా?” అంటే ఆ కంపెనీలో ఇంకెవరూ నోరెత్తరు. అదే అధికారి కుర్చీ చూపించి కూర్చోబెట్టి, ఆ రాత్రి సెంట్రీ డ్యూటీ మార్చి, మర్నాడు డాక్టరుకు చూపిస్తే ఆ కబురు సాయంత్రానికల్లా లంగర్ అంతా పాకుతుంది. ఏ పోస్టరూ చేయలేని పని అది చేస్తుంది.

ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు. 1990ల మధ్యలో ఆత్మహత్యలు పెరిగినప్పుడు అమెరికా వైమానిక దళం 1996 నుంచి దాన్ని డాక్టర్ల బాధ్యతగా కాక కమాండర్ల బాధ్యతగా మార్చింది. దళాధిపతి దగ్గర్నుంచి కింది అధికారి వరకూ, సాయం అడగడం తప్పు కాదని పదే పదే చెప్పారు. అందరికీ శిక్షణ ఇచ్చారు. ఆత్మహత్య ముప్పు 33 శాతం తగ్గిందని 2003లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఇజ్రాయెల్ సైన్యం 2006లో ఇంకో చిన్న మార్పు చేసింది. వారాంతపు సెలవుకు వెళ్లే సైనికులు తుపాకీ యూనిట్‌లోనే పెట్టి వెళ్లాలంది. ఆత్మహత్యలు దాదాపు 40 శాతం తగ్గాయి. చచ్చిపోవాలనిపించే ఆ ఒక్క గడియ దాటిస్తే మనిషి నిలబడతాడని దీన్నిబట్టి తెలుస్తోంది.

మన దగ్గరా ఆశ ఉంది. విమానాశ్రయాలకు, విశాఖ ఉక్కుకు కాపలా కాసే సీఐఎస్ఎఫ్‌లో 2023లో 25 మంది ఆత్మహత్య చేసుకుంటే 2024లో ఆ సంఖ్య 15కి తగ్గింది. లక్షకు 9.87. 2022 నాటి దేశ సగటు 12.4 కన్నా తక్కువ. అధికారులు జవాన్లతో రోజూ మాట్లాడటం, ఇరవై నాలుగు గంటల హెల్ప్‌లైన్, పోస్టింగుల్లో జవాను కోరికకు చోటివ్వడం ఇందుకు తోడ్పడ్డాయని ఆ దళం చెబుతోంది. సీఆర్పీఎఫ్‌లో అధికారులు, జవాన్లు కలిసి కూర్చునే ‘చౌపాల్’ మొదలైంది. మంచిదే. కానీ అధికారి గంటసేపు మాట్లాడి, జవాన్లు “యస్ సర్” అని లేచిపోతే అది ఇంకో రోల్ కాల్ అవుతుంది తప్ప చౌపాల్ కాదు. ఏడాదికి 100 రోజులు కుటుంబంతో గడిపేలా చూస్తామన్న హోం శాఖ మాట ప్రతి క్యాంపులోనూ అమలైతే సగం మాటలు అవసరం కూడా ఉండవు.

పల్నాడులో పుట్టినవాడికి వీరత్వం ఉగ్గుపాలతో వస్తుందంటారు. కారంపూడిలో ఇవాళ్టికీ ఏటా కార్తీకంలో వీరులకు ఉత్సవం చేస్తాం. బాలచంద్రుడి తెగువ పిల్లలకు కథగా చెబుతాం. ఆ ఉత్సవంలోనే చాపకూడు కూడా ఉంది. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడు. మన కుర్రాళ్లకు కత్తి కథ చెప్పినంతగా ఈ చాప కథ చెప్పలేదు. జవాన్ల వరసలో కింద కూర్చుని లంగర్ అన్నం తినే అధికారికి ఎవరు తినట్లేదో ఏ నివేదికా లేకుండానే తెలుస్తుంది.

2021 ఏప్రిల్ 3న ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ అడవుల్లో మావోయిస్టుల దాడిలో నేలకొరిగిన 22 మంది జవాన్లలో సత్తెనపల్లి మండలం గుడిపూడికి చెందిన శాఖమూరి మురళీకృష్ణ ఒకరు. అలా పోయినవాడి కుటుంబం వెనక ఊరంతా నిలబడుతుంది. ఆత్మహత్య చేసుకున్న జవాను ఇంటికి మాత్రం గుసగుసలు ముందుగా వస్తాయి. పిరికివాడనే మాట కూడా వస్తుంది. ఆ మాట అన్నవాళ్లు ఒక్కటి ఆలోచించాలి. ఆ ఊళ్లోనే ఇంకో జవాను లీవులో ఉండి అది వింటూ ఉండొచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించినవాణ్ని నేరస్థుడిగా కాక, తీవ్ర ఒత్తిడిలో ఉన్న మనిషిగా చూడమంటోంది.

ఇళ్లల్లో చేయదగ్గవీ కొన్ని ఉన్నాయి. పొలం తగాదా ఉంటే జవాను తన యూనిట్ ద్వారా కలెక్టరుకు లేఖ రాయించుకోవచ్చు. ప్రత్యేక పరిస్థితుల్లో, యుద్ధ విధుల్లో ఉన్న సైనికుడు లేని సమయంలో కోర్టు కేసు ఏకపక్షంగా సాగకుండా 1925 నాటి సైనికుల వ్యాజ్యాల చట్టం కాపు కాస్తుంది. 2025 జులైలో మొదలైన వీర్ పరివార్ సహాయతా యోజన కింద జిల్లా సైనిక్ బోర్డుల ద్వారా ఉచిత న్యాయ సాయం అందుతుంది. మనసు బాగోలేకపోతే టెలి మానస్ 14416కు ఏ వేళయినా తెలుగులో మాట్లాడొచ్చు. జవాన్లకోసం ఇందులో ప్రత్యేక విభాగం 2023 డిసెంబరు 1 నుంచి పుణె సాయుధ దళాల వైద్య కళాశాలలో నడుస్తోంది. లీవులో ఉండగానే అతని కంపెనీ సుబేదార్ నంబరు, బడ్డీ నంబరు భార్యో తండ్రో రాసి పెట్టుకోవాలి. తిరిగి వెళ్లిన వారంలో గొంతు తేడాగా వినిపిస్తే “మావాణ్ని ఒకసారి కనిపెట్టుకోండి సార్” అని ఫోన్ చేయాలి. ఆ ఫోన్‌తో ఎవరి ఉద్యోగమూ పోదు.