ఇంటిలెక్క - పన్నులెక్క

ఋతువు లాఱని పెద్దలు చెప్పిరి. నెలజీతముతో గడచు సంసారములకు ఏడవ ఋతువొకటి కలదు. అది జూన్ నెల నడుమ బుట్టి జూలై కడపట ముగియును. ఒకప్పుడు జమీందారీ సంస్థానమై, 2022 ఏప్రిలు నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరియున్న మా కురుపాములో నా దినములకు కొండలపై తొలకరి మబ్బులు దిగును, జీడిపిక్కల బేరములు సద్దుమణగును, రైతులు దుక్కులకు దిగుదురు, బడులు తెఱవబడును. అప్పుడే ఉపాధ్యాయులును, గుమాస్తాలును, నర్సులును, పింఛనుదారులును కాగితముల సంచులు చేతబట్టుకొని, ఆదాయపుపన్ను రిటర్నులు వ్రాసిపెట్టువారి యిండ్లచుట్టు తిరుగ మొదలిడుదురు.

ఇట్లు వ్రాసిపెట్టువారి నందఱిని మన జనులు ఆడిటరుగారనియే పిలుతురు. వారిలో పరీక్షలు దాటిన చార్టర్డు అకౌంటెంట్లు కొందఱు; కంప్యూటరు పని నేర్చి యీ వృత్తి చేపట్టినవారు కొందఱు. చిన్న యాదాయములవారికి సాయపడుటకై పట్టభద్రులకు శిక్షణ యిచ్చి రిటర్నులు వ్రాయించు పథకమొకటి 2006వ సంవత్సరమున ప్రభుత్వమే నెలకొల్పినది. ఈ ప్రాంతమున పెక్కేండ్లుగా నీ పని చేయుచున్న యొక పెద్దమనుష్యుని మేము కలిసికొని, గృహిణులకు తాము చెప్పదలచిన దేమని యడిగితిమి. "అమ్మగారూ, నా పని రెండు నెలలది, మీ పని పండ్రెండు నెలలది. ఇంటిలో లెక్క యున్నచో నా బల్లమీద నది అరగంటలో తేలును. ఇంటిలో లేని లెక్కను నేను పుట్టించితినేని యది యబద్ధమగును" అని వారు బదులు చెప్పిరి. ఆ మాటయే యీ వ్యాసమునకు మూలము.

పన్ను మగవారి వ్యవహారమనియు, మనకు వంటయిల్లును పూజగదియు చాలుననియు దలచు సోదరీమణులు నేటికిని గలరు. కాని బీరువా తాళపుచెవి యెవరియొద్ద నుండును? బ్యాంకు పుస్తకము, బీమా రసీదు, పిల్లల ఫీజు చీటి, ఇంటిపన్ను కాగితము దాచున దెవరు? అవసరము వచ్చినపుడు యజమాని కేకవేయునది యెవరిని? కాగితములు మన చేతిలోను, వాని యర్థము మాత్రము పరుల చేతిలోను నుండుట సంసారమునకు క్షేమము కాదు.

పన్నన్నంతనే ప్రజలను పిండుటయని తలచుట సరికాదు. తేనెటీగ పువ్వునుండి గొన్నట్లు కొంచెము కొంచెముగా గొనవలయునని మనుధర్మశాస్త్రము రాజునకు విధించినది. దిలీపుని పన్నుల ప్రశంసను రఘువంశము చదివినవా రెఱుగుదురు. నేటి యాదాయపుపన్ను మాత్రము ఇంగ్లీషువారు తెచ్చినది. 1857వ సంవత్సరపు తిరుగుబాటు పిదప బొక్కసము వట్టిపోగా, జేమ్సు విల్సను అను ఆర్థికసభ్యుడు 1860లో దీనిని ప్రవేశపెట్టెను. 1886 నాటి చట్టము సేద్యపు రాబడిని విడిచిపెట్టినది. ఆ విడుపు నేటికిని నిలిచియున్నది. 1961 నాటి చట్టమునకు బదులుగా పార్లమెంటు 2025లో నూతన చట్టమును చేసినది. దాని యమలు 2026 ఏప్రిలు 1వ తేదీనుండి.

కనుక సొంత తోటలో జీడియు, పసుపును, అనాసయు పండించుకొను కుటుంబమునకు ఆ రాబడిపై ఆదాయపుపన్ను లేదు. ఇందొక సూక్ష్మము గలదు. దున్ని, నాటి, పెంచినదే సేద్యమనియు, తనంతట మొలచిన యడవి ఫలసాయము సేద్యము కాదనియు సుప్రీంకోర్టు 1957లో తీర్పు చెప్పినది. కొండచింతపండు సేకరించి సంతలోనో, 1956లో నేర్పడిన గిరిజన సహకార సంస్థకో యమ్ముకొను పేదకుటుంబమునకు ఆ తీర్పుతో భయము లేదు. వారి రాబడి పన్నుపడు మేరకు చేరదు. కాని జీతము గలవారు వడ్డీవ్యాపారపు రాబడిని, కమీషను రాబడిని గూడ "సేద్యము" అని వ్రాయించుకొనుట ప్రమాదము.

చదువక వేలిముద్ర వేయుటవలన గలిగిన కీడు మన తూర్పు కనుమలకు క్రొత్తది కాదు. 1879లో రంపదేశమున పితూరీ చెలరేగుటకు కల్లుమీద విధించిన చిగురుపన్ను ఒక కారణము. పల్లపు వర్తకులు కొండవారిచే వారికి తెలియని పత్రములు వ్రాయించుకొని, కోర్టులలో నేకపక్షపు డిక్రీలు పొంది, వారి సొత్తును లాగుకొనుట మఱియొక కారణము. అటుపిమ్మట 1917 నాటి ఏజెన్సీ చట్టము కొండజాతులవారి యప్పులపై వడ్డీని ఏటికి నూటికి 24 రూపాయలకు కట్టడి చేసి, వడ్డీ మొత్తము అసలును మించరాదని శాసించినది.

నేడు వేలిముద్ర స్థానమున ఓటీపీ వచ్చినది. రిటర్ను పంపిన 30 దినములలో దానిని ధ్రువపఱచనిచో నది చెల్లదు. ఫోనునకు వచ్చిన యంకెలను చెప్పుటయే సామాన్యముగా నా ధ్రువీకరణము. అనగా నదియే చేవ్రాలు. పొయ్యిమీద పప్పు పొంగుచుండగా నెవరో ఫోను చేసి యడిగిరని ఆ యంకెలు చెప్పివేయుట, చదువని పత్రముపై వేలిముద్ర వేయుటతో సమానము. ఇంటివారి పేర నేమి వ్రాయబడినదో చూడక మునుపు అంకెలు చెప్పరాదు.

ఈ హెచ్చరిక యూహామాత్రము కాదు. 2025 జూలై 14వ తేదీన ఆదాయపుపన్ను శాఖవారు దేశమున 150 చోట్ల తనిఖీలు జరిపిరి. కొందఱు మధ్యవర్తులు కమీషను కాశపడి, ఉద్యోగుల రిటర్నులలో లేని మినహాయింపులు చూపి, పెద్ద మొత్తములు వాపసు తెప్పించుచుండిరని శాఖ ప్రకటించినది. వారు తాత్కాలికముగా ఈమెయిలు చిరునామాలు సృష్టించి, పని తీఱినపిదప వానిని విడిచిపెట్టుటచే, వచ్చిన నోటీసులు చదువు దిక్కే లేకపోయెను. అప్పటికి నాలుగు నెలలలో సుమారు 40,000 మంది తమంతట తామే రిటర్నులు సవరించుకొని, 1,045 కోట్ల రూపాయల తప్పు మినహాయింపులను వదలుకొనిరి. తెలిసి తప్పుగా చూపినట్లు తేలినచో, ఆ ఎగవేసిన పన్నునకు 200 శాతము జుల్మానా పడును, వడ్డీ వేఱు. కమీషను పుచ్చుకొన్నవాడు మఱియొక యూరికి పోవును. నోటీసు మాత్రము మన గడప వెదకికొని వచ్చును. ఆ దినమున ముందుగా తాకట్టునకు బోవునవి యెవరి గాజులో సోదరీమణులకు మేము చెప్పనక్కఱలేదు.

"నాయొద్దకు వచ్చువారిలో పెక్కురు, ఎంత వాపసు వచ్చునని యడుగుదురు, ఎంత నిజము వ్రాయవలయునని యడుగువా రరుదు" అని ఆ పెద్దమనుష్యుడు వగచెను. వింత యేమనగా, అబద్ధమునకు నేడు అవసరమే తగ్గినది. 2025-26వ సంవత్సరమునుండి నూతన పద్ధతిలో 12 లక్షల రూపాయల వఱకు ఆదాయము గలవారికి పన్ను మాఫీ యైనది. జీతగాండ్రకు 75,000 రూపాయల తగ్గింపు వేఱుగా నుండుటచే 12,75,000 రూపాయల జీతము వఱకు పన్ను పడదు. స్థలము నమ్మగా వచ్చిన లాభమువంటి ప్రత్యేకపు రాబడులకు మాత్రము ఈ మాఫీ వర్తింపదు. పన్ను లేకున్నను, ఆదాయము 4 లక్షలు దాటినవారు రిటర్ను వేయవలసినదే. గడువు మీఱినచో 5,000 రూపాయలు, ఆదాయము 5 లక్షలకు మించనివారికి 1,000 రూపాయలు ఆలస్యపు రుసుము.

ఈ నూతన పద్ధతిలో జీవితబీమాకు గాని, పిల్లల ట్యూషను ఫీజునకు గాని తగ్గింపు లేదు. కావున "పన్ను తగ్గు"నని మార్చి కడపట తొందరపడి పాలసీలు కొనుట వ్యర్థము. బీమా బీమాకొఱకే కొనవలయును: ఇంటి యజమాని లేనినాడు ఆ సొమ్ము పిల్లలను ఎన్నాళ్లు పోషించునని లెక్కించి కొనవలయును. ఇంటిఋణపు వడ్డీయు, అద్దెయు నిజముగా చెల్లించుచున్నవారు పాతపద్ధతిని, క్రొత్తపద్ధతిని రెంటిని ప్రక్కప్రక్కన వ్రాయించి, తక్కువదానిని గైకొనవచ్చును.

మా ప్రాంతమున సవర, జాతాపు కుటుంబములనుండి యుద్యోగములలోనికి వచ్చినవారు, గిరిజనులకు ఆదాయపుపన్ను లేదని వింటిమి, నిజమాయని యడుగుచుందురు. ఆ మినహాయింపు నాగాలాండు, మణిపురము, మిజోరము, అరుణాచలము, త్రిపుర మొదలగు ఈశాన్యపు సీమలలోను, లడఖునందును నివసించు గిరిజనులకు, ఆ సీమలలోని రాబడికి మాత్రమే చట్టము నిచ్చినది. మన యాంధ్రదేశపు కొండలకు దానిని విస్తరింపలేదు. ఉన్నదని చెప్పి వ్రాసిపెట్టువారిని నమ్మరాదు.

ఇక మనకు ముఖ్యమైన స్త్రీధనము. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర యీ విషయమును విస్తరించి చెప్పినది. దానిని కేతన 13వ శతాబ్దిలో తెనిగించెను. పుట్టింటివారు, మెట్టినింటివారు ప్రీతితో నిచ్చినది స్త్రీకే చెందుననియు, భర్తకు దానియందు ఉమ్మడి హక్కు లేదనియు సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి వ్యాజ్యెమున స్పష్టపఱచినది. వివాహసమయమున వచ్చిన కానుకలపైనను, తల్లిదండ్రులు, తోబుట్టువు లిచ్చిన సొమ్ముపైనను పుచ్చుకొన్నవారికి పన్ను లేదు. సోదాలు జరుగునపుడు వివాహిత యొద్ద 500 గ్రాములు, అవివాహిత యొద్ద 250 గ్రాములు, పురుషునియొద్ద 100 గ్రాముల వఱకు బంగారు నగలను స్వాధీనము చేసికొనరాదని 1994లో శాఖవారు తమ యధికారులకు ఆదేశించిరి. అయినను నగతోబాటు రసీదును దాచుకొనుట మేలు.

కాని భర్త తన జీతములోని సొమ్మును భార్యపేర బ్యాంకులో వేసినచో, దాని వడ్డీ చట్టముదృష్టిలో భర్త యాదాయమే. పేరు మార్చినంత మాత్రమున పన్ను మాఱదు. భార్య తన స్త్రీధనము నుంచినను, కుట్టుపనితోనో బోధనతోనో సంపాదించి వేసికొన్నను ఆ వడ్డీ యామెదే. కావున ఈ రెండువిధముల సొమ్మును ఒకే ఖాతాలో గలుపరాదు. ఒక బ్యాంకులో వడ్డీ యేటికి 50,000 రూపాయలు మించినచో బ్యాంకువారు నూటికి 10 చొప్పున ముందే పన్ను కోయుదురు. పాన్ కార్డు సంఖ్య ఇయ్యనిచో నూటికి 20 కోయుదురు. పన్ను పడని యాదాయము గల గృహిణి సంవత్సరారంభముననే బ్యాంకునకు స్వీయప్రకటన వ్రాసియిచ్చినచో కోత యుండదు. కోసినపిదపనైనను రిటర్ను వేసి తిరిగి పొందవచ్చును. వేయనిచో, మన సొమ్మును మనమే విడిచిపెట్టినట్లు.

సంవత్సరమును ఈ విధముగా పంచుకొనవచ్చును. ఉగాదినాటికి క్రొత్త లెక్కపుస్తకము నొకటి తెఱచి, ఏప్రిలులో బ్యాంకు ప్రకటనలు వ్రాసియిచ్చి, ఖాతాలన్నిటికి నామినీ పేర్లున్నవో లేవో చూచుకొనవలయును. జూన్ నెలలో, ఫారము 16 అని చిరకాలము వాడుకలోనున్న జీతపు పత్రమును కార్యాలయమునుండి తెప్పించి, అందలి యంకెలను బ్యాంకు పుస్తకముతో సరిపోల్చవలయును. జూలైలో, కడపటి వారమువఱకు నిలువక రిటర్ను వేయింపవలయును. శ్రావణమున బంగారము కొన్నచో రసీదు పెట్టెలో వేయవలయును. దసరా, దీపావళి వస్త్రములకు అప్పు చేయరాదు. ఫిబ్రవరిలో మిగిలిన పన్ను ఒక్కమాఱే జీతమునుండి కోతపడి, ఆ నెల పాలవానికిని బియ్యపు దుకాణమునకును బాకీ పడుట పెక్కు ఇండ్ల యనుభవము. పన్నుపడు జీతము గలవారు కార్తికమునుండియే నెలకింత తీసి వేఱుగా నుంచినచో ఆ యిక్కట్టు రాదు.

రిటర్ను వ్రాయువారి నెన్నుకొనుటకు మేము తెలిసికొన్న గుఱుతులు కొన్ని గలవు. పనికి ఇంతయని ముందే చెప్పువాడు మంచివాడు. వచ్చిన వాపసులో వాటా యడుగువానిని దూరముగా నుంచవలయును. రసీదు అడుగక మినహాయింపు వ్రాయువాడు మనకు ఉపకారి కాడు. రిటర్నునందు ఉండవలసిన ఫోను సంఖ్యయు, ఈమెయిలును, బ్యాంకు ఖాతాయు మన యింటివే కావలయును. పని ముగిసినపిదప రిటర్ను ప్రతిని, స్వీకరణపత్రమును అచ్చువేయించి తెచ్చుకొని, ఏడాది కొక కవరు చొప్పున దాచవలయును. వ్రాసినవా రెవరైనను, అందలి ప్రతి యక్షరమునకు ఉత్తరవాది చేవ్రాలు చేసినవారే.

ఇంటిలో దీపము పెట్టువారమే ఇంటిలెక్కకును వెలుగు చూపవలయునని మా విన్నపము. ఈ యేడు యజమాని సంచి పట్టుకొని బయలుదేరునపుడు, "ఏమి వ్రాసిరో చదివి చెప్పుడు, పిమ్మట అంకెలు చెప్పుదము" అని సోదరీమణు లొక్కమాట యన్నచో, ఆ మాటకు ఖర్చు లేదు. అది కాపాడు సొమ్ముమాత్రము మన పిల్లలది.