నీలం రంగు వస్తే తుపాకీ పేల్చినట్టేనా?

నల్ల తుపాకీమందులో నూటికి 75 పాళ్లు సురేకారం, 15 బొగ్గు, 10 గంధకం. అంతా కాలదు, చేతికంటిన మసిలో నైట్రేటు జాడ మిగులుతుంది.

1933లో అమెరికా పోలీసులకు మెక్సికో నుంచి ఓ పరీక్ష అందింది. అనుమానితుడి చేతిమీద కరిగించిన మైనం పోసి, ఆరాక ఒలిచి, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కలిపిన డైఫినైలమిన్ చుక్కలు వేసేవారు. నైట్రేటుంటే చిటికెలో ముదురు నీలం!

పిడుగురాళ్లలో చేస్తే మాత్రం సగం ఊరు దోషులే. అక్కడ మిరపకూ పత్తికీ పిచికారీ చేసే 13-0-45 ఎరువు అచ్చంగా ఆ సురేకారమే మరి. సున్నపురాయి క్వారీల పేలుడుమందులోనూ నైట్రేటే.

అందుకే ఇప్పుడు ల్యాబుల్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద సీసం, బేరియం, యాంటిమొనీ మూడూ ఒకే రేణువులో ఉన్నాయేమో వెతుకుతారు. అవి తూటా అడుగున నిప్పు రాజేసే మందులోంచి వస్తాయి, ఎరువు బస్తాలోంచి కాదు.