కరెంటు కారుకి ఎంత పరుగు కావాలి?

"ఒక్క ఛార్జికి ఎంత దూరం వస్తుందండీ?"

కరెంటు కారు కొందామని షోరూములో అడుగుపెట్టినవాడు వేసే మొదటి ప్రశ్న ఇదే. అడగవలసిన ప్రశ్నే. కాని అంతకు ముందు ఇంటి దగ్గరే తనని తాను అడుక్కోవలసిన ప్రశ్న ఇంకొకటుంది: "నాకెంత దూరం కావాలి?" అని. ఈ రెండో ప్రశ్న చాలామంది వేసుకోరు. అందువల్ల కొందరు అక్కరలేని బాటరీకి లక్షలు పోస్తున్నారు. ఇంకొందరు చాలీచాలని బాటరీ కొనుక్కుని, హైవే పక్కన ఛార్జరు ముందు చేతులు కట్టుకుని నిలబడుతున్నారు.

ఈ ప్రశ్న నా దాకా రావడానికి కారణం మా బాబాయి. విశాఖపట్నంలోనే ఉద్యోగం చేసి క్రిందటేడు రిటైరయ్యాడు. మా నాయనమ్మ టెక్కలి దగ్గర పల్లెలో ఒక్కర్తే ఉంటుంది. ఎనభై దాటిన మనిషి, ఉబ్బసం. ఊరు వదిలి రమ్మంటే రాదు. విశాఖ నుంచి ఆ ఊరు సుమారు 160 కిలోమీటర్లు. రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి కరెంటు కారు కొందామనుకున్నాడు బాబాయి. మూడు రకాలు చూసి వచ్చాడు: 24 యూనిట్ల బాటరీది ఒకటి, 32 యూనిట్లది ఒకటి, 45 యూనిట్లది ఒకటి. చిన్నదానికీ పెద్దదానికీ ధరలో తేడా నాలుగు లక్షల పైమాటే.

"పెద్దదే తీసేసుకుంటే పీడా పోతుంది కదా" అంది పిన్ని.

"ఒరేయ్, ఇంజనీరింగు చదువుతున్నావు గదా, నువ్వు లెక్క కట్టి చెప్పు" అన్నాడు బాబాయి. "నాలుగు లక్షలంటే ఆషామాషీ కాదు. అలాగని అర్ధరాత్రి ఊరినుంచి ఫోనొస్తే దారిలో ఆగిపోకూడదు."

ఆ లెక్కే ఈ వ్యాసం.

బాటరీలో ఎంత సరుకుంది?

కరెంటు బిల్లులో యూనిట్టు అంటామే, కారు బాటరీకి కొలతా అదే. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె గంటసేపు కాలితే ఒక యూనిట్టు. లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. ఆ లెక్కన 32 యూనిట్ల బాటరీ మూడున్నర లీటర్ల పెట్రోలుకి సమానం! ఇంత చిన్న టాంకుతో కారు రెండు వందల కిలోమీటర్లు ఎలా పోతుంది? పెట్రోలు ఇంజను తాగినదాంట్లో ఇంచుమించు మూడు వంతులు వేడిగా, పొగగా వృథా చేసి, నాలుగో వంతు మాత్రమే చక్రాలకి అందిస్తుంది. కరెంటు మోటారు 85 శాతం పైగా అందిస్తుంది. పైగా కారు నెమ్మదించేటప్పుడు మోటారే డైనమోలా తిరిగి కొంత శక్తిని మళ్ళీ బాటరీలోకి పంపుతుంది.

అయితే పెద్ద బాటరీ పెట్టుకుంటే పోలేదా అంటే, దానికి ధర ఒకటే కాదు, బరువు కూడా ఉంది. యూనిట్టుకి సుమారు 6, 7 కిలోలు. అదనంగా 20 యూనిట్లు పెట్టుకున్నామంటే ఇద్దరు మనుషుల్ని ఎక్కించుకుని, ఇక ఎప్పటికీ దించకుండా తిప్పుతున్నట్టే.

అచ్చులో అంకె, రోడ్డు మీద అంకె

బెంగుళూరులో 2001లో రోడ్డెక్కిన రేవా కారు సీసం బాటరీతో 80 కిలోమీటర్ల దాకా నడిచేది. 2020లో వచ్చిన టాటా నెక్సాన్ ఈవీకి 30.2 యూనిట్ల లిథియం బాటరీ. పరీక్షలో ధ్రువీకరించిన పరుగు 312 కిలోమీటర్లు. భాగించి చూడండి, కిలోమీటరుకి యూనిట్టులో పదో వంతు కూడా పడలేదన్నమాట. రోడ్డు మీద ఇది సాధ్యమా?

పరీక్ష అబద్ధం కాదు. కాని అది ప్రయోగశాలలో రోలర్ల మీద, ముందే నిర్ణయించిన వేగాలతో, ఏ.సి. లేకుండా జరుగుతుంది. మన దేశపు పరీక్షలో వేగం 90 కిలోమీటర్లు దాటదు. ఎక్కువ భాగం ఊళ్ళో తిరిగినట్టు నెమ్మదిగానే సాగుతుంది. ఒక కారుకీ ఇంకో కారుకీ పోల్చి చూసుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది. మన ప్రయాణానికి మాత్రం అందులో మూడింట రెండు వంతులు లెక్క వేసుకోవడం క్షేమం. ఒక మోస్తరు కారు ఎనభై వేగంలో, ఏ.సి. వేసుకుని, నలుగురితో పోతే కిలోమీటరుకి 0.13 నుంచి 0.15 యూనిట్ల దాకా తింటుంది.

పరుగును తినేవి

మొదటిది వేగం. గాలి ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుందని మనం ఫిజిక్సులో చదివినదే. అరవై నుంచి నూరుకి పెంచితే వేగం పెరిగింది ఒకటిన్నర రెట్ల చిల్లర. గాలి అడ్డగింపు పెరిగేది దాదాపు 2.8 రెట్లు. పెట్రోలు కారుకీ ఇదే సూత్రం. కాని పెట్రోలు బంకు ప్రతి ఊళ్ళోనూ ఉంది కనుక ఎవరూ పట్టించుకోరు.

రెండోది ఏ.సి. ఇది దూరాన్ని బట్టి కాదు, గంటల్ని బట్టి తింటుంది. గంటకి ఒక యూనిట్టు అనుకోండి. హైవే మీద ఎనభైలో పోతే గంటలో 80 కిలోమీటర్లు గడుస్తాయి, కిలోమీటరుకి పడే భారం అత్యల్పం. అదే గాజువాక ట్రాఫిక్కులో గంటకి 20 కిలోమీటర్లే కదిలితే భారం నాలుగు రెట్లు. మే నెలలో ఊళ్ళో తిరిగేవాళ్ళు గుర్తుంచుకోవలసిన సంగతి.

మూడోది ఎత్తు. మనందరం ఎక్స్‌కర్షన్‌కి వెళ్ళే అరకు విశాఖకి సుమారు 115 కిలోమీటర్లు, సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. మనుషులతో, సామానుతో కలిపి 1750 కిలోల కారును అంత ఎత్తుకు లేపడానికే నాలుగు యూనిట్ల పైన కావాలి; మోటారు నష్టాలతో కలిపి ఐదు. దారి ఖర్చు 15, ఎక్కుడు ఖర్చు 5, వెరసి 20. తిరుగు ప్రయాణంలో దిగుతూ మూడు యూనిట్ల దాకా తిరిగి రాబట్టుకోవచ్చు, కనుక 12తో ఇల్లు చేరతాం. వెళ్ళడానికి పట్టినంతే రావడానికీ పడుతుందని కంగారు పడనక్కరలేదు.

నాలుగోది వయస్సు. బాటరీ ఏటేటా కొంచెం కొంచెం తరుగుతుంది. చాలా కంపెనీలు 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్ల హామీ ఇస్తున్నాయి. అయినా కొన్నాళ్ళకి పదో వంతు పోతుందని ముందే తీసి పక్కన పెట్టుకోవడం మంచిది. ఇవి కాక ఎదురుగాలి, వాన, గాలి తగ్గిన టైర్లు తలా కాస్త తింటాయి.

బాబాయి నోటు పుస్తకం

ఇక అసలు పని. "బాబాయ్, ఒక నెలరోజులు నీ పాత కారు రోజుకెంత తిరిగిందో నోటు పుస్తకంలో రాయి" అన్నాను. నవ్వాడు గాని, ముప్ఫయ్యేళ్ళు ఆఫీసు లెడ్జర్లు రాసిన చెయ్యి కదా, తేదీలు వేసి మరీ రాశాడు. చాలా రోజులు 40 కిలోమీటర్ల లోపే. విజయనగరం పెళ్ళికి వెళ్ళి వచ్చిన రోజు 120. నాయనమ్మను చూడ్డానికి వెళ్ళిన రోజు 160. ఆ రాత్రి అక్కడే పడుకుని మర్నాడు వచ్చాడు. ఇవి కాక ఏడాదికోసారి హైదరాబాదులో కూతురి ఇంటికి ఆరు వందల పైచిలుకు కిలోమీటర్లు.

ఈ పుస్తకంలో మూడు రకాల ప్రయాణాలున్నాయి. రోజువారీ ప్రయాణానికి మూడింట్లో ఏ కారైనా చాలు. ఏడాదికోసారి వెళ్ళే హైదరాబాదుకి ఏ కారూ చాలదు. 45 యూనిట్లదైనా దారిలో రెండు మూడు సార్లు ఆగవలసిందే. దానికి రైలుంది. అంచేత ఈ రెండూ నిర్ణయంలో లెక్కకి రావు. నెలనెలా తప్పని ప్రయాణం, ఎప్పుడు పడితే అప్పుడు తప్పకపోవచ్చే ప్రయాణం టెక్కలిది. ఏ కారన్నది తేల్చేది అదే.

160 కిలోమీటర్లకి, కిలోమీటరుకి 0.14 చొప్పున 22.4 యూనిట్లు. బాటరీ అడుగున 15 శాతం ముట్టకూడదని పెట్టుకుందాం, 0.85తో భాగించాలి. వయస్సుకి పదో వంతు తీసేశాం, 0.9తో భాగించాలి. వెరసి 29 యూనిట్ల పైచిలుకు. 24 చాలదు. 45 ఎక్కువ. 32 సరిపోతుంది.

"సరే గాని, పగలంతా ఊళ్ళో తిరిగొచ్చాక రాత్రి పదకొండుకి ఫోనొస్తే?" అన్నాడు బాబాయి. లెడ్జరు బుర్ర! మంచి ప్రశ్నే. ఊళ్ళో 40 కిలోమీటర్లకి ఐదు యూనిట్లు పోతాయి. 32లో మిగిలేది 27. టెక్కలి చేరేసరికి నాలుగున్నర. కొత్తలో ఫరవాలేదు గాని, బాటరీ పాతబడితే అంచున నడిచినట్టే. దీనికి మందు పెద్ద బాటరీ ఒక్కటే కాదు. ఇంట్లో 15 ఆంపియర్ల ప్లగ్గు గంటకి దాదాపు మూడు యూనిట్లు ఇస్తుంది. పడుకునేముందు కాకుండా, ఇంటికి రాగానే తగిలిస్తే రెండు గంటల్లో ఆ లోటు పూడుతుంది.

ఇంకొక సంగతి. కారు పరుగు అంటే నిజానికి ఒక ప్లగ్గు నుంచి ఇంకో ప్లగ్గు దాకా ఉన్న దూరమే. నాయనమ్మ ఇంట్లో సరైన ఎర్తింగుతో ఒక 15 ఆంపియర్ల ప్లగ్గు పెట్టిస్తే, రాత్రి తగిలించి పొద్దున్నే నిండు బాటరీతో బయలుదేరవచ్చు. కొద్ది వేలతో అయ్యే పని. బాబాయి 32 యూనిట్ల కారు కొన్నాడు. ఊళ్ళో ప్లగ్గు పెట్టించాడు.

ఒక వానరాత్రి

కాగితం మీద లెక్క సరిపోవడం వేరు, రోడ్డు మీద సరిపోవడం వేరు. అక్టోబరులో వాయుగుండం పట్టిన శనివారం బాబాయీ నేనూ ఊరికి వెళ్ళాం. చేరేసరికి బాటరీలో 28 శాతం. ఈదురుగాలికి ఊరంతా కరెంటు పోయి ఉంది. కొత్త ప్లగ్గు గోడకి అలంకారంగా ఉంది! రాత్రి రెండు గంటలకి నాయనమ్మకి ఆయాసం ఎక్కువైంది. దగ్గరలోని అంబులెన్సు అప్పటికే వేరే ఊరికి వెళ్ళి ఉంది. శ్రీకాకుళం ఆసుపత్రి 55 కిలోమీటర్లు.

28 శాతమంటే 9 యూనిట్లు. వర్షంలో ఏ.సి. కట్టేసి, యాభై దాటకుండా నడిపాడు బాబాయి. వెనక సీట్లో నాయనమ్మను పట్టుకుని కూర్చుని, నేను మీటరు వంక చూస్తూనే ఉన్నాను. ఆసుపత్రి గుమ్మంలో ఆగేసరికి 9 శాతం చూపిస్తోంది. తెల్లారేసరికి ఆవిడ కాఫీ అడిగింది.

45 యూనిట్ల కారైతే నేను మీటరు చూసే పనే ఉండేది కాదు, ఒప్పుకోవలసిందే. 24దైతే ఆగకుండా ఆ ఊరు చేరేసరికే బాటరీ దాదాపు ఖాళీ అయ్యేది. అడుగున 15 శాతం ఎందుకు ఉంచాలో పుస్తకాల్లో చదివిన నాకు ఆ రాత్రి గాని బోధపడలేదు. ఇప్పుడు బాబాయి వాయుగుండం వార్త వింటే శ్రీకాకుళంలో ఓ పావుగంట ఆగి, ఛార్జి పట్టించుకుని మరీ ముందుకు వెళ్తున్నాడు.

మిగిలినవారి మాట

ఈ లెక్క సొంత ప్లగ్గు ఉన్నవారిది. అపార్టుమెంటులో అద్దెకుండి, పార్కింగులో ప్లగ్గు లేనివారి సంగతి వేరు. వారు రోజు లెక్క కాదు, ఛార్జరు దగ్గరికి వెళ్ళే రెండు రోజుల నడుమ లెక్క చూసుకోవాలి. రోజుకి 40 చొప్పున నాలుగు రోజులకి 160 కిలోమీటర్లు. వారికి ఊళ్ళో తిరగడానికే మధ్యరకం బాటరీ కావాలి. పబ్లిక్ ఛార్జర్లు 80 శాతం దాకా వేగంగా ఎక్కించి తర్వాత నెమ్మదిస్తాయి కనుక, ఆ చివరి ఐదో వంతును నమ్ముకోకూడదు. కొనేముందు వాళ్ళు సెక్రటరీ గారిని ప్లగ్గు సంగతి అడిగితే, షోరూములో అడిగే ప్రశ్నల కంటే ఎక్కువ లాభం.

ఇక మనలో చాలామంది కొనేది కారు కాదు, స్కూటరు. లెక్క ఒకటే. కిలోమీటరుకి సుమారు 0.03 యూనిట్లు, మూడు యూనిట్ల బాటరీతో వంద కిలోమీటర్ల లోపు. హాస్టలు నుంచి కాలేజీకి, బీచికి తిరగడానికి అది వారం సరుకు.

మిత్రులారా! ఇంట్లో ఎవరైనా కరెంటు కారు మాట ఎత్తితే ముందు వాళ్ళ చేతికి ఒక నోటు పుస్తకం ఇవ్వండి. తప్పించుకోలేని ప్రయాణాల్లో అన్నిటికంటే దూరమైనది ఏదో చూడండి. దాన్ని 0.14తో గుణించండి, 0.85తోనూ 0.9తోనూ భాగించండి. రెండు చివర్లా ప్లగ్గు ఉందో లేదో చూడండి. ఆ ప్లగ్గులో కరెంటు లేని రాత్రిని కూడా ఒకసారి ఊహించుకోండి. వచ్చిన అంకె కంటే ఎక్కువ కొంటే డబ్బు దండగ. తక్కువ కొంటే ఏమవుతుందో, ఆ వానరాత్రి వెనక సీట్లో కూర్చున్న నన్నడగండి.